బండి ఒకరిది, బిల్లు ఎవరిది?

ప్రైవేట్ పార్కింగ్ వసూలుకు రిజిస్టర్డ్ యజమాని ఎప్పుడు బాధ్యుడు? ఖరగ్‌పూర్ స్టేషన్ స్టాండ్‌లో ఒక జవాబు, ఇంగ్లండ్ షాపింగ్ మాల్‌లో మరో జవాబు.

ఖరగ్‌పూర్ పట్టణానికి దక్షిణాన కొద్ది కిలోమీటర్ల దూరంలో ఉంది సాలువా. ఈస్టర్న్ ఫ్రాంటియర్ రైఫిల్స్ కేంద్రంగా పేరున్న ఊరు. ఖరగ్‌పూర్ మాత్రం రైలు కట్టిన పట్టణం. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల్లో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల నుంచి పనికి వచ్చిన కుటుంబాల మనవలు, మునిమనవలు ఇప్పటికీ ఇక్కడ తెలుగు మాట్లాడుతూనే ఉన్నారు. పండక్కో పెళ్లికో ఊరెళ్లాలంటే కోరమాండల్, ఫలక్‌నుమా, ఈస్ట్ కోస్ట్‌లే దిక్కు. బండిని స్టేషన్ స్టాండ్‌లో పెట్టి రైలెక్కడం ఈ ఇళ్లలో మామూలు వ్యవహారం.

అలాంటి ఇల్లు ఒకటి ఊహించుకుందాం. రిటైరైన రైల్వే ఉద్యోగి పేరు మీద స్కూటర్ ఉంది. దాన్ని తమ్ముడి కొడుకు తీసుకెళ్లి స్టాండ్‌లో పెట్టి ఊరెళ్లాడు. నాలుగు రోజులకు తిరిగొచ్చేసరికి టోకెన్ పోయింది. స్టాండ్‌లో కుర్రాడు బోర్డు మీద లేని రేటు చెప్పి, అదనంగా ‘జరిమానా’ అడిగాడు. కాదంటే బండి ఇవ్వనన్నాడు. వాడు ఇంటికి ఫోన్ చేశాడు. ‘‘పెదనాన్నా, ఆర్‌సీ నీ పేరు మీదుంది కాబట్టి కట్టాల్సింది నువ్వేనంటున్నాడు.’’

ఆ మాట నిజమేనా? ఒక్క ముక్కలో చెప్పాలంటే, కాదు. అయితే ‘కాదు’ అనే ముందు తెలుసుకోవాల్సినవి చాలా ఉన్నాయి. ఇదే ప్రశ్న ఇంగ్లండ్‌లో వేస్తే జవాబు ‘కొన్ని షరతులతో అవును’ అని వస్తుంది. ఇక్కడ తండ్రి, అక్కడ కొడుకు ఉన్న కుటుంబాలు తెలుగువారిలో తక్కువేం కాదు. అందుకే రెండు జవాబులూ తెలిసుండటం మంచిది.

జరిమానా వేసే అధికారం ఎవరిది?

ముందు మాటల్లోనే గందరగోళం తొలగాలి. పార్కింగ్ రుసుము వేరు, జరిమానా వేరు. నో పార్కింగ్ చోట బండి పెడితే మోటారు వాహనాల చట్టం కింద చలానా వస్తుంది. 2019 సవరణ తర్వాత 177వ సెక్షన్ కింద సాధారణ తప్పిదానికి మొదటిసారి 500 రూపాయలు, మళ్లీ చేస్తే 1,500. అది రాజ్యం వేసే జరిమానా. మాల్ యజమానికి, ఆస్పత్రి సెక్యూరిటీకి, స్టాండ్ కాంట్రాక్టరుకు అలాంటి అధికారాన్ని ఆ చట్టం ఇవ్వలేదు. వాళ్లు అడగగలిగేది ఒప్పందం ప్రకారం రావాల్సిన రుసుము మాత్రమే.

ఒప్పందం ఎవరితో జరిగింది? టోకెన్ తీసుకున్న మనిషితో. ఆర్‌సీలో పేరున్న మనిషి అక్కడ లేడు, బోర్డు చదవలేదు, రేటుకు ఒప్పుకోలేదు. అతను పంపితే, అతని తరఫున బండి పెట్టితే తప్ప ఆ ఒప్పందం అతన్ని కట్టిపడేయదు. ఇక ‘జరిమానా’ సంగతి. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ప్రకారం ఒప్పందంలో ఎంత మొత్తం రాసుకున్నా, దాన్ని మించకుండా సమంజసమైన పరిహారం మాత్రమే ఇప్పిస్తారు. పది, ఇరవై రూపాయల రుసుము దగ్గర వందల రూపాయల దండుగ నిలబడాలంటే అది సమంజసమని అడిగినవాడే చెప్పుకోవాలి.

మరి డ్రైవర్ ఎవరో చెప్పాల్సిన బాధ్యత యజమానికి లేదా? ఉంది. మోటారు వాహనాల చట్టం 133వ సెక్షన్ ప్రకారం ఈ చట్టం కింద నేరారోపణ ఉన్నప్పుడు, అధికారం ఉన్న పోలీసు అధికారి అడిగితే డ్రైవర్ పేరు, చిరునామా, లైసెన్స్ వివరాలు యజమాని చెప్పాలి. అడగాల్సింది పోలీసు అధికారి. ఆ సెక్షన్‌ను చూపించి స్టాండ్ కుర్రాడు నిలదీయడానికి వీల్లేదు.

టోకెన్ పోయిన సందర్భంలో ఆర్‌సీ భారం కాదు, ఆయుధం. బండి ఎవరిదో రుజువు చేసే కాగితం అదే. ఆర్‌సీ, గుర్తింపు కార్డు చూపించి, బోర్డు మీద ఉన్న రేటు కట్టి బండి అడగటం యజమాని హక్కు.

బోర్డు ఫొటో, రసీదు, పది రూపాయలు

స్టేషన్ స్టాండ్ రైల్వే స్థలం. దాన్ని కాంట్రాక్టరు నడుపుతాడు గానీ, రేట్లు అతని ఇష్టం కాదు. రైల్వేతో చేసుకున్న ఒప్పందంలో ఉన్నవే వసూలు చేయాలి. కాబట్టి ఖరగ్‌పూర్‌లో పేచీ వస్తే ప్రశ్న ‘ఇంతెందుకు?’ అని కాదు, ‘ఏ రేటు ప్రకారం?’ అని.

పని వరసగా చేయాలి. మొదట రేట్ల బోర్డు ఫొటో తీయాలి. బోర్డే లేకపోతే లేని చోటును ఫొటో తీయాలి. అడిగిన మొత్తానికి రసీదు ఇమ్మనాలి. రైలు టైమైపోతోంది, బండి వదలడం లేదు అంటే డబ్బు కట్టేయవచ్చు. రసీదు మీద ‘అభ్యంతరంతో చెల్లిస్తున్నాను’ అని రాసి సంతకం పెట్టి దాన్ని కూడా ఫొటో తీసుకోవాలి. ఇలా కడితే తప్పు ఒప్పుకున్నట్టు కాదు. చక్రానికి తాళం వేసి బెదిరిస్తే 112కు ఫోన్ చేయడమే దారి.

తర్వాత రైల్ మదద్‌లో, లేదా 139 నంబరుకు ఫిర్యాదు. అదీ తేలకపోతే సమాచార హక్కు చట్టం ఉంది. పది రూపాయల రుసుముతో ఆగ్నేయ రైల్వే ఖరగ్‌పూర్ డివిజన్‌ను మూడే అడగాలి: ఆ స్టాండ్ కాంట్రాక్టు ప్రతి, ఆమోదించిన రేట్ల పట్టిక, టోకెన్ పోతే ఏం చేయాలన్న షరతు. మామూలుగా 30 రోజుల్లో జవాబు రావాలి. ఆ కాగితం చేతికొస్తే వాదన సగం గెలిచినట్టే.

ఆఖరి మెట్టు జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం ఫిర్యాదుదారు తాను నివసించే చోటే కేసు వేయవచ్చు. చెల్లించిన ప్రతిఫలం 5 లక్షల రూపాయల లోపైతే ఫీజు లేదు. గడువు రెండేళ్లు. ఫిర్యాదు పెట్టేటప్పుడు ఒక జాగ్రత్త: డబ్బు కట్టి సేవ పొందిన వ్యక్తి పేరుతోనే వేయాలి. మన ఉదాహరణలో పెదనాన్న కాదు, తమ్ముడి కొడుకు. యజమానికి బాధ్యత లేదని వాదిస్తూ యజమాని పేరుతోనే సేవాలోపం కేసు వేస్తే మన వాదనకు మనమే చిల్లు పెట్టుకున్నట్టు.

మాల్‌లో తిరకాసు

మాల్‌లు అసలు రుసుము వసూలు చేయవచ్చా అన్న దానిపై దేశమంతటికీ ఒకే జవాబు లేదు. తెలంగాణ ప్రభుత్వం 2018 మార్చిలో జీవో 63 ఇచ్చింది. దాని ప్రకారం వాణిజ్య సముదాయాల్లో మొదటి అరగంట ఉచితం. అరగంట నుంచి గంట దాకా ఏదైనా కొన్న బిల్లు చూపితే ఉచితం. గంట దాటితే బిల్లు మొత్తం పార్కింగ్ రుసుము కంటే ఎక్కువుండాలి. 2019లో గుజరాత్ హైకోర్టు ధర్మాసనం మాల్‌లు, మల్టీప్లెక్స్‌లు పార్కింగ్ రుసుము వసూలు చేయకూడదంది. 2025లో కేరళ హైకోర్టు ధర్మాసనం అక్కడి చట్టాల ప్రకారం ఓ మాల్ వసూలును సమర్థించింది. హైదరాబాద్ బంధువు చెప్పిన నియమాన్ని పశ్చిమ బెంగాల్‌లో వాదిస్తే చెల్లదు. ముందు ఆ రాష్ట్రపు ఉత్తర్వు ఏమిటో చూడాలి.

డబ్బు తీసుకున్నవాడికి బాధ్యత లేదా? 1998లో ఢిల్లీలోని తాజ్ మహల్ హోటల్‌లో వాలే పార్కింగ్‌కు తాళాలిచ్చిన మారుతీ జెన్ చోరీ అయింది. ‘యజమాని పూచీ మీదే’ అని టోకెన్ మీద అచ్చేసి ఉందని హోటల్ వాదించింది. 2019 నవంబర్‌లో సుప్రీంకోర్టు ఆ వాదనను తోసిపుచ్చింది. తాళాలు తీసుకున్నాక తగిన జాగ్రత్త తీసుకోకపోతే, అచ్చేసిన ఆ ముక్క కాపాడదని తేల్చింది.

ఇంగ్లండ్‌లో కథ వేరు

ఇప్పుడు కొడుకు సంగతి. ఇంగ్లండ్‌లో సూపర్ మార్కెట్ ఆవరణలో గేటు ఉండదు, టోకెన్ ఉండదు. కెమెరా నంబరు ప్లేటు చదువుతుంది. కొన్నాళ్లకు ఇంటికి ఉత్తరం వస్తుంది. పార్కింగ్ కంపెనీకి చిరునామా ఎలా తెలిసింది? ప్రభుత్వ వాహన సంస్థ డీవీఎల్‌ఏ రుసుము తీసుకుని ఇస్తుంది. మన దగ్గర వాహనాల సమాచారాన్ని గంపగుత్తగా అమ్మే విధానం 2019లో వచ్చి 2020లో రద్దయింది.

2012 అక్టోబర్‌లో అమల్లోకి వచ్చిన ‘ప్రొటెక్షన్ ఆఫ్ ఫ్రీడమ్స్’ చట్టం ఇంగ్లండ్, వేల్స్‌లలో ప్రైవేట్ స్థలాల్లో చక్రాలకు తాళాలు వేయడాన్ని నిషేధించింది. దానికి బదులుగా నాలుగో షెడ్యూలులో కంపెనీలకు ఒక దారి ఇచ్చింది. డ్రైవర్ ఎవరో తెలియకపోతే రిజిస్టర్డ్ కీపర్‌ను అడగవచ్చు. కానీ షరతులన్నీ పాటిస్తేనే. అద్దం మీద నోటీసు అంటించకుండా పోస్టులో మాత్రమే పంపితే, పార్కింగ్ ముగిసిన మర్నాటి నుంచి 14 రోజుల్లోగా అది కీపర్‌కు చేరాలి. అద్దం మీద అంటించి ఉంటే 28 రోజులు ఆగి, ఆ తర్వాతి 28 రోజుల్లో పంపాలి. గడువు తప్పినా, చట్టం చెప్పిన మాటలు నోటీసులో లేకపోయినా కీపర్ బాధ్యత రాదు. అప్పుడు కంపెనీ డ్రైవర్నే వెతుక్కోవాలి.

కాబట్టి ఉత్తరం రాగానే చూడాల్సింది మొత్తం కాదు, తేదీలు. జవాబు ‘రిజిస్టర్డ్ కీపర్’గానే రాయాలి. ‘నేను బండి పెట్టాను’ అని ఒక్క వాక్యం రాస్తే ఈ రక్షణ పోతుంది. డ్రైవర్ వేరే వ్యక్తి అయితే పేరు, చిరునామా ఇస్తే బాధ్యత అటు మారుతుంది. అబద్ధం మాత్రం రాయకూడదు. చెప్పకపోవడం హక్కు, తప్పు పేరు చెప్పడం కాదు.

రైల్వే పట్టణం వాళ్లకు నచ్చే ముక్క ఒకటుంది. సొంత బైలాలు వర్తించే రైల్వే స్టేషన్ ఆవరణలు ఆ షెడ్యూలులోని ‘సంబంధిత స్థలం’ కిందికి రావు. అక్కడ బైలాలదే రాజ్యం. కీపర్ మీద ఆ షెడ్యూలును ప్రయోగించడం కుదరదు.

అలాగని ప్రతి ఉత్తరాన్నీ చెత్తబుట్టలో వేయకూడదు. చెమ్స్‌ఫర్డ్‌లో రెండు గంటల ఉచిత పార్కింగ్‌ను 56 నిమిషాలు దాటిన వ్యక్తికి 85 పౌండ్ల బిల్లు వేసిన కేసులో, 2015 నవంబర్‌లో బ్రిటన్ సుప్రీంకోర్టు కంపెనీ వైపే తీర్పిచ్చింది. బోర్డులు స్పష్టంగా ఉన్నాయి, స్థలాన్ని సక్రమంగా నడపడంలో న్యాయమైన ప్రయోజనం ఉంది, కాబట్టి అది చెల్లని దండుగ కాదంది. ‘అన్యాయమైన మొత్తం’ అన్న వాదన ఒక్కటే పట్టుకుంటే ఇక లాభం లేదు. తేదీలు, బోర్డులు, యంత్రం పాడవడం, కొన్న బిల్లు, ఇవే పనికొస్తాయి. కంపెనీ తిరస్కరిస్తే, అది ఏ సంఘంలో సభ్యురాలో చూసి పోప్లాకు గాని, ఐఏఎస్‌కు గాని అప్పీలు చేయాలి. పోప్లా తీర్పుకు కంపెనీ కట్టుబడాలి, వాహనదారు కోర్టులో మళ్లీ వాదించుకోవచ్చు. కౌంటీ కోర్టు నుంచి కాగితం వస్తే మాత్రం వెంటనే జవాబివ్వాలి. పట్టించుకోకపోతే ఏకపక్ష తీర్పు వస్తుంది. నెలలోగా పూర్తిగా కట్టకపోతే అది ఆరేళ్లు రుణ చరిత్రలో ఉండిపోతుంది. ఇల్లు అద్దెకు తీసుకోవాలన్నా, అప్పు కావాలన్నా అదే అడ్డొస్తుంది.

అమ్మేసిన బండి అమ్మినట్టు కాదు

మళ్లీ సాలువా స్కూటర్ దగ్గరికొద్దాం. పార్కింగ్ రుసుము విషయంలో ఆర్‌సీలో పేరు యజమానిని బంధించదు సరే. చట్టపరమైన బాధ్యతల్లో మాత్రం ఆ పేరే అన్నీ. రైల్వే క్వార్టర్ ఖాళీ చేసేటప్పుడు బండిని తెలిసినవాడికి ఇచ్చేసి, తెల్ల కాగితం మీద సంతకం పెట్టేసి ఊరెళ్లిపోయే అలవాటు ప్రమాదకరమైంది ఇక్కడే.

2007లో ఒకరు కారు అమ్మారు. అది చేతులు మారుతూ పోయింది. 2009లో ప్రమాదం జరిగి ఒక బాలుడు చనిపోయాడు. ఆర్‌సీలో పేరు అప్పటికీ మొదటి యజమానిదే. 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తేల్చింది: చట్టం దృష్టిలో రిజిస్టర్డ్ యజమానే యజమాని, పరిహారం బాధ్యత అతనిదే. చేతులు మారిన బండి వెనక బాధితులు పరుగెత్తలేరు కదా అన్నదే దాని సారాంశం.

అందుకే చట్టం 50వ సెక్షన్ గడువులు పెట్టింది. అదే రాష్ట్రంలోనైతే అమ్మినవారు 14 రోజుల్లో, కొన్నవారు 30 రోజుల్లో రవాణా అధికారికి తెలపాలి. ఫారాలు 29, 30. రాష్ట్రం దాటితే ఎన్‌వోసీ కావాలి. సెకండ్ హ్యాండ్ డీలర్‌కు ఇస్తే 2023 ఏప్రిల్ నుంచి మరో వెసులుబాటు ఉంది. అధికృత డీలర్‌కు అప్పగిస్తూ ఫారం 29సీ దాఖలు చేస్తే, బండి మళ్లీ అమ్ముడయ్యేదాకా డీలర్‌నే యజమానిగా భావిస్తారు. ఆ రసీదు పదిలంగా దాచుకోవాలి.

ఇక స్టాండ్ దగ్గర తమ్ముడి కొడుకు ఫోన్ పట్టుకుని ఎదురు చూస్తున్నాడు. పెదనాన్న చెప్పాల్సింది పెద్దగా ఏమీ లేదు. ‘‘బోర్డు ఫొటో తియ్యి. అందులో ఎంతుంటే అంత కట్టి రసీదు తీసుకో. ఆర్‌సీ నేను తెస్తున్నా.’’