మీకు తెలుసా? పాత బండి ‘కంప్యూటర్’ మార్చే ముందు

యానాంలో పీవై 04 నంబరు ప్లేటుతో పాత ఎస్‌యూవీలు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. మా ఫరంపేటలో పెళ్లికి వెళ్లాలన్నా, అర్ధరాత్రి ఆసుపత్రికి పరిగెత్తాలన్నా, ఎదుర్లంక వంతెన దాటి కోనసీమలోని చుట్టాలను చూసి రావాలన్నా చాలా ఇళ్లకు అవే దిక్కు. అలాంటి బండి దారిలో ఆగిపోయి షెడ్డుకు చేరితే ఒక్కోసారి వినాల్సి వచ్చే మాట: “ఈసీఎం పోయిందండి, మార్చెయ్యాలండి.” ఈసీఎం అంటే ఎలక్ట్రానిక్ కంట్రోల్ మాడ్యూల్, బండి ‘కంప్యూటర్’ అన్నమాట. దాని కోసం డబ్బు తీసే ముందు ఈ సంగతులు తెలుసుకోండి.

మీ బండికి ఈసీఎం ఉందా?

2000లో మన రోడ్ల మీదికి వచ్చిన టయోటా క్వాలిస్‌లో డీజిల్‌ను కొలిచి ఇంజిన్‌కు పంపేది మెకానికల్ పంపు. 2005లో దాని స్థానంలోకి వచ్చిన ఇన్నోవాలో ఆ కొలత పని ఈసీఎం అనే ఎలక్ట్రానిక్ పెట్టె చేతికి వెళ్లింది. మీ బండి ఏ తరానిదో తెలియాలంటే దాని మీద రాసిన అక్షరాలు చూడండి. స్కార్పియో మీద ‘సీఆర్‌డీఈ’, సఫారీ మీద ‘డైకార్’, ఇన్నోవా మీద ‘డీ-4డీ’ అని ఉంటే అది కామన్ రైల్ ఇంజిన్. ఈసీఎం లేకుండా అది నడవదు.

సెకనుకు అరవైకి పైగా లెక్కలు

కామన్ రైల్ డీజిల్‌ను కార్లలోకి మొదట తెచ్చింది 1997 నాటి ఆల్ఫా రోమియో 156. ఆ తరం ఇంజిన్లలో సిలిండర్లన్నింటికీ డీజిల్ అందించే రైలు గొట్టంలో డీజిల్ ఒత్తిడి 1,350 నుంచి 1,600 బార్ల దాకా ఉంటుంది. మన కారు టైరులో గాలి రెండు బార్లకు కాస్త పైన. నాలుగు సిలిండర్ల ఇంజిన్ నిమిషానికి 2,000 చుట్లు తిరుగుతుంటే, ఎప్పుడు ఎంత డీజిల్ చల్లాలో ఈసీఎం సెకనుకు అరవైకి పైగా సార్లు తేలుస్తుంది. అంత పని చేసే పెట్టెకు నిలకడైన కరెంటు, శుభ్రమైన ఎర్త్ కావాలి. ఆ రెండింట్లో ఏది తగ్గినా పెట్టె పాడైనట్టే కనిపిస్తుంది.

ఒక బోల్టు కింద చిలుము

మా ఇంటి బండి ఒక వానాకాలమంతా ఏడిపించింది. స్కానర్ పెడితే ఒకేసారి ఏడు లోపాలు చూపించింది. ఒక షెడ్డులో ఈసీఎం మార్చాలన్నారు. మరో చోట, వయసులో పెద్దాయన, ఆటో ఎలక్ట్రీషియన్, ముందు మల్టీమీటర్ తీశారు. ఒక కొన బ్యాటరీ నెగెటివ్ మీద, రెండోది ఇంజిన్ ఇనుము మీద ఆనించి, సెల్ఫ్ కొట్టమన్నారు. మీటరు ముల్లు 1.4 వోల్టుల దాకా లేచింది. అక్కడ అర వోల్టు దాటినా అనుమానించాలి.

ఎర్త్ వైరు బోల్టు విప్పితే దాని కింద పచ్చటి చిలుము. పైన తొడుగు బాగానే ఉంది. దాన్ని చీల్చి చూస్తే లోపలి రాగి పోగులు నల్లబడి, వేలితో నలిపితే పొడిలా రాలాయి. ఆయన ఆ చోటును ఉప్పు కాగితంతో మెరిసేదాకా రుద్ది, కొత్త వైరు వేశారు. ఏడు లోపాలూ మళ్లీ రాలేదు. గోదావరి సముద్రంలో కలిసే చోటికి ఇంత దగ్గరగా ఉన్న ఊరు మాది. ఇక్కడి ఉప్పుగాలి రాగిని ఇలా లోపల్లోపలే తినేస్తుంది.

చిన్న సెన్సర్ పెద్ద పెట్టెను ఆపగలదు

చాలా సెన్సర్లకు ఈసీఎం నుంచే 5 వోల్టుల కరెంటు వెళుతుంది. ఒకే లైను మీద రెండు మూడు సెన్సర్లు ఉంటాయి. వాటిలో ఒకటి షార్టయితే ఆ లైనంతా పడిపోతుంది. అప్పుడు పెట్టే చచ్చిపోయిందని అనుకుంటాం. తేల్చుకునే దారి తేలిక: మీటరు చూస్తూ సెన్సర్ల కప్లర్లు ఒక్కొక్కటిగా ఊడదీయాలి. ఏది తీసినప్పుడు 5 వోల్టులు తిరిగి వస్తాయో దొంగ అదే.

అన్ని కోడ్‌లూ ఒకటే మాట చెప్పవు

‘పీ0606’ వస్తే ఈసీఎం లోపలి ప్రాసెసర్‌లోనే తేడా ఉందని అర్థం. ‘యూ0100’ వస్తే మాత్రం మిగతా భాగాలకు ఈసీఎం మాట వినిపించడం లేదని. దానికి కారణం పెట్టె కావచ్చు, ఫ్యూజు కావచ్చు, రిలే కావచ్చు, ఎలుక కొరికిన వైరూ కావచ్చు. కోడ్ చూపేది వీధినే, ఇంటిని మనమే వెతుక్కోవాలి. కరెంటు, ఎర్త్, వైర్లు అన్నీ సరిగ్గా ఉన్నాయని తేలాకే తప్పు పెట్టెది అనాలి.

పాత సామాను కొట్లో దొరికిన పెట్టె అలాగే పనిచేయదు

విజయవాడ ఆటోనగర్ లాంటి చోట సెకండ్ హ్యాండ్ ఈసీఎం దొరకవచ్చు. పైన పార్టు నంబరూ, లోపలి సాఫ్ట్‌వేరూ రెండూ కలవాలి. దొంగతనాన్ని అడ్డుకునే ఇమ్మొబిలైజర్ ఉన్న బండిలో తాళంలోని చిప్పునూ ఈసీఎం గుర్తుపట్టాలి. పరాయి బండి పెట్టె మీ తాళాన్ని ఒప్పుకోదు, ఇంజిన్‌ను అందుకోనివ్వదు. అందుకే తెలిసినవాళ్లు మీ బండి పాత పెట్టెలోని మెమరీ చిప్పును చదివి, ఆ సమాచారాన్ని కొన్నదానిలోకి ఎక్కిస్తారు. చాలా ఇంజిన్లలో ప్రతి ఇంజెక్టర్ మీదా చెక్కి ఉండే కోడ్‌ను కూడా పెట్టెకు చెప్పాలి. లేకపోతే పొగ, కుదుపు తప్పవు. కాబట్టి పాత పెట్టెను షెడ్డులో వదిలేయకండి. అది చెడినా, మీ బండి జ్ఞాపకాలు అందులోనే ఉంటాయి.

ప్రోగ్రామింగ్ మధ్యలో బ్యాటరీ డౌనైతే?

సాఫ్ట్‌వేర్ ఎక్కుతుండగా కరెంటు పడిపోతే కొత్త పెట్టె కూడా పనికిరాకుండా పోవచ్చు. ఆ పని జరిగేంతసేపూ బ్యాటరీకి నిలకడైన సప్లై తగిలించి ఉంచమని అడగండి. పెట్టె విప్పేటప్పుడూ, బిగించేటప్పుడూ ముందు బ్యాటరీ నెగెటివ్ తీయాలి. బాడీకి వెల్డింగ్ చేయించేటప్పుడూ అంతే.

వరద తగ్గాక తాళం తిప్పకండి

2022 జులైలో ధవళేశ్వరం బ్యారేజీ నుంచి 25 లక్షల క్యూసెక్కులు దాటిన వరద దిగువకు వచ్చింది. యానాం వీధుల్లోకి నీళ్లొచ్చాయి. అలా మునిగిన బండికి ‘ఒకసారి చూద్దాం’ అని తాళం తిప్పడమే పెద్ద ప్రమాదం. తడిసిన సర్క్యూట్‌లో కరెంటు పారితే, ఆరితే బాగుపడాల్సింది కూడా కాలిపోవచ్చు. ముందు నెగెటివ్ తీసేయండి. కప్లర్లు విప్పి, ఆరబెట్టి, పిన్నులు మెకానిక్‌కు చూపించాకే స్టార్ట్ చేయండి.

సొంత బండికి తొలి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు. ఆ తర్వాత ఫిట్‌నెస్ చూసి 5 ఏళ్లకోసారి పొడిగిస్తారు. అంటే పాత బండికి ఇంకా బతికే హక్కుంది. ఏటా తొలకరికి ముందు ఒక స్పానరు, ఒక ఉప్పు కాగితంతో ఎర్త్ బోల్టులు విప్పించి శుభ్రం చేయించండి. అరగంట పని. మేము ఈ ఏడాది మే నెలలోనే చేయించాం. బోల్టు కింద అప్పటికే సన్నగా పచ్చటి గీత ఒకటి మొదలైంది.