గూఢలేఖనము – టెక్ మాక్రోలు

ప్రహేళికతోఁబాటు దాని యుత్తరమును గూడ ముద్రింపవలసినపుడు, చదువరి కన్ను ముందుగా నుత్తరముపైఁ బడకుండ దానిని మఱుఁగుపఱచుట యావశ్యకము. డోనాల్డ్ కనూత్ 1978లో వెలువరించి 1982లో తిరుగ రచించిన 'టెక్' అను అక్షరకూర్పు వ్యవస్థయం దిందుకు సులభోపాయము గలదు.

పెద్ద యక్షరములను చిన్నవిగ మార్చు నాజ్ఞ యం దొకటి యున్నది. అది ప్రత్యక్షరమునకును మాఱురూపమును దెల్పు పట్టిక నాశ్రయించును. ఆ పట్టికను మార్చుకొనవచ్చును. ఆంగ్లాక్షరములు 26, తుదినుండి మొదటికి మరలుచు, ప్రతిదానికిని 13 స్థానముల యవతలి దానిని నిలిపినచో 'ఏ' 'ఎన్' అగును, 'ఎన్' మరల 'ఏ' యగును. కొన్ని యాజ్ఞలను గూర్చి యొక పేరిడినచో నది మాక్రో యనఁబడును. ఇట్టి యొక్క మాక్రోయే కప్పుటకును విప్పుటకును జాలును.

అయినను సూత్ర మెఱిఁగినవారెల్లరు విప్పఁగలరు గావున, నిది తెరయే కాని తాళము గాదు.