ఛార్జి ఎక్కకపోతే దోషం బ్యాటరీదేనా?

ఛార్జి ఎక్కని ట్రిమ్మర్లు, టార్చిలైట్లు, బ్లూటూత్ స్పీకర్లు పట్టుకుని ఢిల్లీవాసులు నెహ్రూ ప్లేస్‌కో, ఎర్రకోట ఎదుటి లజపత్‌రాయ్ మార్కెట్‌కో వెళ్లడం పరిపాటి. అయితే దోషం ప్రతిసారీ బ్యాటరీది కాదు. ముందు మరొక కేబులు, మరొక అడాప్టరు పెట్టి చూడాలి. పరికరాన్ని ఆపివేసి, ఛార్జింగ్ రంధ్రంలోని ధూళిని పొడి చెక్కపుల్లతో తొలగించాలి. రాజధాని దుమ్ము సంగతి వేరే చెప్పనక్కరలేదు.

మల్టీమీటరు ఉన్నవారు వోల్టేజీని కొలవవచ్చు. సాధారణ లిథియం అయాన్ సెల్ నిండుగా ఉన్నప్పుడు సుమారు 4.2 వోల్టులు చూపుతుంది. నెలల తరబడి మూలన పడి 2.5 వోల్టుల దిగువకు జారిన సెల్‌కు నేరుగా కరెంటిచ్చి ప్రాణం పోయబూనడం ప్రమాదకరం. అప్పటికే లోపలి రాగిరేకు కరిగి ఉంటే, ఛార్జింగ్ వేళ షార్ట్ సర్క్యూట్ ఏర్పడవచ్చు. ఉబ్బిన సెల్‌ను ఇంట్లో ముట్టుకోనే కూడదు. గుచ్చినా, వంచినా మంటలు లేవగలవు.

వేసవి మధ్యాహ్నం ఎండ పడే బాల్కనీలో ఛార్జింగ్ పెట్టడమూ తగదు. చాలా లిథియం సెల్‌లకు ఛార్జింగ్ గరిష్ఠ పరిమితి 45 డిగ్రీలు. ఢిల్లీ ఎండ ఆ అంకెను తేలిగ్గా అందుకుంటుంది.

పాడైన బ్యాటరీలను సేకరించే బాధ్యతను 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నియమాలు ఉత్పత్తిదారులపై ఉంచాయి. ఇంటి చెత్తలో కలపకుండా వాటిని వేరుగా అప్పగించడం వినియోగదారుల విధి.