రైఫిల్ పట్టేముందు చెవులు భద్రం!

కర్నూలు, కడప జిల్లాల్లో ఎన్.సి.సి.లో చేరిన విద్యార్థులారా! తొలిసారి ఫైరింగ్ రేంజికి వెళుతున్నారా? ముందుగా చెవుల సంగతి చూడండి. మామూలు మాటల ధ్వని 60 డెసిబెళ్లు. పాయింట్ 22 రైఫిల్ మోత సుమారు 140. ప్రతి 20 డెసిబెళ్లకూ ధ్వని పీడనం 10 రెట్లవుతుంది. మరి 80 పెరిగితే? 10,000 రెట్లు! లోపలి చెవిలో శబ్దాన్ని పసిగట్టే సున్నితమైన కణాలు ఆ దెబ్బకు నశిస్తే మళ్లీ పుట్టవు. దూది చాలదు, ఇయర్ ప్లగ్‌లు గాని, చెవులను పూర్తిగా కప్పే ఇయర్ మఫ్‌లు గాని పెట్టుకోవాలి.

రైఫిల్ నుంచి ఎగిరిపడే ఖాళీ తూటా వేడిగా ఉంటుంది. అందుకే రక్షణ కళ్లద్దాలు, పొడుగు చేతుల చొక్కా, బూట్లు అవసరం. మన సీమ ఎండకు టోపీ, నీళ్లసీసా సరేసరి. తూటాల్లోని సీసం విషం. చేతులు సబ్బుతో కడిగాకే అన్నం ముట్టండి.