బటన్ మీద పెద్ద స్టాక్ ఉంటే... బబుల్‌లో ఎవరిని భయపెట్టాలి?

ఈరోజు ఒక ప్రశ్నతో మొదలుపెడదాం. పోకర్ టోర్నమెంట్‌లో మీ చిప్స్ డబుల్ అయితే, వాటి విలువ కూడా డబుల్ అవుతుందా? అవ్వదు. మొత్తం చిప్స్ గెలిచినా మీకొచ్చేది ఫస్ట్ ప్రైజ్ మాత్రమే, మిగతా ప్రైజులు ముందే అవుటైనవాళ్లకి వెళ్లిపోతాయి.

ఈ తేడాని కొలిచే లెక్కే ఐసీఎం, అంటే ఇండిపెండెంట్ చిప్ మోడల్. దీని వెనకున్న ఫార్ములా 1973లో డేవిడ్ హార్విల్ గుర్రప్పందేల కోసం రాసింది. సరే, మన టేబుల్‌కి వద్దాం.

నలుగురు మిగిలారు. ప్రైజులు ముగ్గురికే: 50 వేలు, 30 వేలు, 20 వేలు. నాలుగోవాడికి జీరో. దీన్నే బబుల్ అంటారు. మీరు బటన్ మీద ఉన్నారు, మీ దగ్గర 4,000 చిప్స్. మిగతా ముగ్గురికీ తలా 2,000. ఐసీఎం ప్రకారం మీ వాటా 33,000. వాళ్లది ఒక్కొక్కరికి సుమారు 22,333.

మీరు ఆల్-ఇన్ అన్నారు. బిగ్ బ్లైండ్ కాల్ చేసి గెలిస్తే అతని వాటా 33,000, ఓడితే సున్నా. అంటే 10,667 కోసం 22,333 రిస్క్ చేయాలి. బ్లైండ్స్ పక్కన పెడితే, అతనికి దాదాపు 68 శాతం గెలుపు ఛాన్స్ కావాలి. మీరు ఏ కార్డులతోనైనా ఆల్-ఇన్ వేస్తున్నారని అతనికి తెలిసినా, ఏస్-కింగ్ గెలిచేది 65-67 శాతమే. ఏస్-కింగ్ కూడా ఫోల్డే!

మీరు ఓడిపోతే? ఇంకా 2,000 చిప్స్‌తో ఆటలోనే ఉంటారు. పెద్ద స్టాక్ బలం ఇదే.

మరి ఎప్పుడూ ఆల్-ఇనేనా? కాదు. అందరి దగ్గరా 40, 50 బిగ్ బ్లైండ్స్ ఉంటే 2 బిగ్ బ్లైండ్స్ రైజ్ చాలు. బ్లైండ్స్, యాంటీ కలిపి మధ్యలో 2.5 ఉంటే, 100లో 45 సార్లు అందరూ ఫోల్డ్ చేసినా నష్టం లేదు. ఎవరైనా కాల్ చేసినా ఫ్లాప్, టర్న్, రివర్ మూడింట్లోనూ చివరగా ఆడేది మీరే. పాట్ పెరిగేకొద్దీ అతనికి ఇంటికి వెళ్లిపోతానేమో అన్న భయం పెరుగుతుంది.

కానీ ముగ్గురి దగ్గర జాగ్రత్త.

ఒకటి, మీకంటే పెద్ద స్టాక్ ఉన్నవాడు. అక్కడ భయపడాల్సింది మీరే, పాట్ చిన్నగా ఉంచండి.

రెండు, 5, 6 బిగ్ బ్లైండ్స్‌తో మిగిలినవాడు. అతనికి పోగొట్టుకోడానికి పెద్దగా ఏమీ లేదు, ఫోల్డ్ చెయ్యడు.

మూడు, ఈ లెక్క తెలియనివాడు. ఇందాకటి టేబుల్‌లోనే అతను కాల్ చేసి, ఛాన్స్ 50-50 అయిందనుకోండి. సగటున మీకు 1,333 నష్టం, అతనికి 5,833 నష్టం. ఆ 7,166 ఎటు పోయింది? కార్డులు పడేసి చూస్తూ కూర్చున్న ఇద్దరికీ! కాబట్టి ఫోల్డ్ చెయ్యడం రానివాడి మీద బ్లఫ్ వద్దు, మంచి కార్డులు వచ్చేదాకా ఆగండి.

ఒక్క మాట గుర్తుంచుకోండి. రైజ్ చేసే ముందు మీ కార్డుల కంటే ముందు ఎదుటివాడి స్టాక్ చూడండి.

ఇంకో విషయం. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ గేమ్స్‌ని తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. 2025లో కేంద్ర చట్టం కూడా వచ్చింది. అందుకే ఇదంతా ఫ్రెండ్స్‌తో, ఉత్తుత్తి చిప్స్‌తో ట్రై చెయ్యండి. లెక్క మాత్రం అదే. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం, బై!