బంటు భాషలు – వాని జ్ఞాతులు

"బంటు" అనగానే తెలుగువారికి రామబంటు స్ఫురించును. నేడు నేను ముచ్చటింపబోవు బంటు వేఱు. ఆ రెంటికిని ధ్వనిసామ్యమే కాని చుట్టఱికము లేదు. దక్షిణాఫ్రికాలోని జూలూ భాషలో "ఉముంటు" అనిన మనుష్యుడు, "అబంటు" అనిన మనుష్యులు. తూర్పుతీరపు స్వాహిలీలో ఇవియే "మ్‌టు", "వాటు" అగుచున్నవి. 19వ శతాబ్ది మధ్యమున విల్హెల్మ్ బ్లీక్ అను జర్మను పండితుడు ఈ మాటనే కుటుంబనామముగా గ్రహించెను. ఈ కుటుంబమున సుమారు 500 భాషలు గలవు.

మనకు మహద్వాచకములు, అమహద్వాచకములు అను విభాగము గలదు. వీరి నామములకో, పలు భాషలలో పదికి మించిన గణములున్నవి. గణమును దెలుపు ప్రత్యయము పదమునకు ముందు చేరును. విశేషణమును దానినే అనుసరించును. స్వాహిలీలో "కీటి కిజూరి" మంచి కుర్చీ. "వీటి విజూరి" మంచి కుర్చీలు. ఇచ్చట నొక వినోదము. అరబ్బుల "కితాబ్" శబ్దము ఆ భాషలో "కిటాబు" అయ్యెను. అందలి "కి"ని జనులు తమ ప్రత్యయముగానే భావించి, పుస్తకములను "విటాబు" అనిరి! మాటలు ఎరువు తెచ్చుకొనవచ్చును గాని వ్యాకరణము అంత సులభముగా చేతులు మాఱదు. కావుననే బంధుత్వమును విచారించువారు ప్రత్యయములను ముందు పరీక్షింతురు.

1948 లో మాల్కమ్ గత్రీ అను ఆంగ్ల పండితుడు ఈ భాషలను మండలములుగా విభజించి, ఒక్కొక్క మండలమునకు ఒక రోమను అక్షరమును, ఒక్కొక్క భాషకు ఒక సంఖ్యను ఒసంగెను. స్వాహిలీ జి 42; జూలూ ఎస్ 42. భాషను వెదకికొనుటకు ఇది మిక్కిలి ఉపకరించును. కాని ఇది చాలవఱకు చిరునామా, వంశవృక్షము కాదు. నేను బడిలో బల్లల వరుసను బట్టి పేర్లు వ్రాసికొనెడివాడను. ఒక బల్లపై గూర్చున్న పిల్లలందఱు అన్నదమ్ములగుదురా?

జ్ఞాతుల సంగతి వచ్చుసరికి వివాదము ముదిరెను. ఈ భాషలు వ్యాపించిన కేంద్రము కాంగో అరణ్యములకు దక్షిణమందలి మైదానములని గత్రీ వాదించెను. జోసెఫ్ గ్రీన్‌బర్గ్ అను అమెరికా పండితుడు అంగీకరింపలేదు. నైజీరియాలో బెన్యూ నది ప్రాంతపు టివ్ భాషయు, కామెరూనులోని గ్రాస్‌ఫీల్డ్స్ భాషలును బంటుకు మిక్కిలి దగ్గఱివి. దాయాదులందఱు వాయవ్యమున నుండగా పుట్టినిల్లు దక్షిణమున నెట్లుండును? 1963 నాటి గ్రంథమున ఆయన బంటును నైజర్-కాంగో మహాకుటుంబమందలి బెన్యూ-కాంగో శాఖలో ఒక కొమ్మగా నిలిపెను. నైజీరియా, కామెరూనుల సరిహద్దే పుట్టినిల్లని నేడు పండితులలో అధికసంఖ్యాకుల మతము. నాకును అదియే యుక్తముగా దోచుచున్నది.

దూరపు దాయాదులలో ఫులానీలు గలరు. వారిలో ఒకడు "పుల్లో", పలువురు "ఫుల్బే". అబంటులోని "బ"కు ఈ "బే" సోదరమే; అచ్చట ముందు చేరినది ఇచ్చట వెనుక చేరినది. ఇంత దూరమందు పోలిక దొరకినను, దగ్గఱనే చిక్కు వచ్చినది. బంటు భాషలన్నిటికిని ఉండి, టివ్ మొదలగు పొరుగుభాషలకు లేని లక్షణమొక్కటి చూపుడనిన, అందఱు ఒప్పుకొనునట్టిది ఇంతవఱకు చిక్కలేదు. కామెరూనులో ఎచ్చట గీత గీయవలెనో ఇంకను తేలలేదు.