కెబారు కాలువగట్టున యెహెజ్కేలు

తెలుగు బైబిలులో 'చెర' యను మాట కనబడినపుడెల్ల మనకు అశోకవనము స్ఫురించును. కాని రాముడు వచ్చునను ఆశ సీతకు కలదు. బాబిలోనునకు కొనిపోబడిన యూదుల దుఃఖము వేరు. విడిపింపవలసిన దేవుని యిల్లే కూలిపోవుచుండగా ఇక నెవరిని పిలువవలెను? యెహెజ్కేలు గ్రంథములోని 48 అధ్యాయములును ఈ ప్రశ్నచుట్టునే తిరుగుచున్నవి.

క్రీ.పూ. 597లో నెబుకద్నెజరు యెరూషలేమును లొంగదీసి, రాజగు యెహోయాకీనును, పెద్దలను, పనివాండ్రను తన దేశమునకు తరలించెను. వారిలో బూజీ కుమారుడగు యెహెజ్కేలు అను యాజకుడొకడు. వీరిని చెరసాలలో నుంచలేదు. కెబారు కాలువ దగ్గర తేలాబీబు అను చోట వారికి ఇండ్లును కుటుంబములును కలవు. పెద్దలు వచ్చి ప్రవక్త యింట కూర్చుండెడివారు. యెహోయాకీనునకు, అతని కుమారులకు కొలిచియిచ్చిన నూనె లెక్కలు బాబిలోను త్రవ్వకములలో మట్టిపలకలపై దొరకినవి. బ్రతుకునకు ఆధారము కలదు. లోటు మరియొకటి.

గ్రంథము ముప్పదియవ సంవత్సరమను మాటతో మొదలగును. అది ప్రవక్త వయస్సని పలువురు వ్యాఖ్యాతల మతము. యాజకుడు ఆలయసేవకు పూనుకొనవలసిన యీడది. ఆ వయస్సున ఈతనికి లభించినది ఆలయము గాదు, పరదేశపు కాలువగట్టు. క్రీ.పూ. 593లో ఆ గట్టుననే దర్శనమైనది: ఉత్తరమునుండి సుడిగాలి, అందు నాలుగేసి ముఖములుగల జీవులు, వాటి ప్రక్క చక్రములో చక్రము, అంచుల నిండ కన్నులు, పైన సింహాసనము. చాలమంది పాఠకులు ఇచ్చటనే పుస్తకము మూసివేయుదురు. నాకు మాత్రము గ్రంథమునకు తాళపుచెవి ఆ చక్రములే. ఒకచోటనే నిలిచియుండు దేవుని సింహాసనమునకు చక్రములతో పనియేమి?

తరువాత ఆ తేజస్సే ఆలయమును విడిచి తూర్పుకొండపైకి పోవుట ప్రవక్త చూచును. యెరూషలేమున మిగిలినవారు, పోయినవారు దేవునికి దూరమైరనియు ఈ నేల తమదేననియు తలచుచుండిరి. దైవవాక్కు అందులకు విపరీతముగ నున్నది. చెదరిపోయిన వారికి ఆ పరదేశములలో దేవుడే కొంతకాలము ఆలయమయ్యెనట! పిమ్మటి యూద పండితులు ఈ మాటను బాబిలోనులోని ప్రార్థనామందిరములకు అన్వయించిరి.

ఇంతవరకు తత్త్వము. ఇరువదినాలుగవ అధ్యాయమున అది ఇంటిలోనికి వచ్చును. యెరూషలేము ముట్టడి మొదలైన కాలము. కంటివెలుగైన భార్య పోవుననియు, ఏడువరాదనియు ప్రవక్తకు ఆజ్ఞ. ఉదయమున అతడు జనులతో మాటలాడెను. సాయంకాలమున ఆమె మరణించెను. మరునాడు తలపాగ చుట్టి, చెప్పులు తొడిగి బయటికి వచ్చెను. ఇదేమని జనులడిగిరి. తమ ఆలయము కూలినపుడు వారును ఇట్లే ఏడువలేక నిలిచిపోవుదురని ప్రత్యుత్తరము. ఇన్నిమార్లు చదివియు ఈ ఘట్టముతో నేను సమాధానపడలేకున్నాను. ఒక యిల్లాలి మరణమును జాతికి సంకేతము చేయుట క్రూరముగనే తోచును. ఆమె పేరైనను గ్రంథమున లేదు.

నగరము పడినదను వార్తను తప్పించుకొని వచ్చినవాడొకడు తెచ్చిన పిదప గ్రంథపు స్వరము మారును. ఎముకలు ఎండిపోయినవి, ఆశ తెగినదని ప్రవాసులు నిట్టూర్చుచుండిరి. ప్రవక్త ఆ నిట్టూర్పునే దృశ్యముగ మార్చి ఎండిన ఎముకల లోయను చూపెను. ఎముకకు ఎముక కూడును, నరములును మాంసమును చర్మమును వచ్చును. ప్రాణము మాత్రము వెంటనే రాదు. అందులకు నలుదిక్కుల గాలిని పిలువవలసివచ్చెను. హీబ్రూలో గాలికి, ఊపిరికి, ఆత్మకు 'రూఅహ్' అని ఒకటే మాట. మన 'ప్రాణవాయువు' కొంత దగ్గర. అయినను ఆ మూడర్థముల యాట అనువాదమున నిలువదు.

చివరి తొమ్మిది అధ్యాయములలో, కట్టని ఆలయమును కొలకఱ్ఱతో కొలిచి చూపుదురు: గడప యింత, గోడ యింత. విసుగు కలిగించు భాగమేయని ఒప్పుకొందును. కాని పాత ఆలయము బూడిదయై యున్నపుడు, క్రీ.పూ. 573 ప్రాంతమున, అందు పనిచేయవలసిన యాజకుడు ఈ కొలతలు వ్రాసికొనుచుండెను. ఆయన ప్రవచనములలో తేదీగల కడపటిది క్రీ.పూ. 571 నాటిది. పారశీక ప్రభువు కోరెషు యూదులను తిరిగి పోనిచ్చినది 538లో.